పెరటి కోడి డ్రెస్సింగు సామగ్రి

ఇంటి దగ్గర పెంచిన కోడిని కోసి, రక్తం కార్చి, ఈకలు పీకి, మంట మీద కాల్చి, పొట్ట శుభ్రం చేసి వంటకో నిల్వకో సిద్ధం చేయడాన్ని చికెన్ కొట్ల భాషలో డ్రెస్సింగు అంటారు. ఇప్పుడు ఊళ్లలోనూ ఆ మాటే వాడుక. ఈ పనికి కావలసిన సామాను పెద్దదేమీ కాదు: ముందు రాత్రి కోడిని మూసే గంప, పదునైన కత్తి, తలకిందులుగా పట్టే రేకు కోను, నీళ్లు కాచే గుండిగ, వేడి కొలిచే థర్మామీటరు, ఈకలు పీకే మిషను, కాల్చడానికి మంట, పొట్ట తీసే చోటు, చల్లబరిచే టబ్బు, ఐసు, చెత్త పూడ్చే గొయ్యి. కొనేవాళ్ల చూపు మాత్రం నేరుగా మిషను మీదికి పోతుంది. గిర్రున తిరిగి అరనిమిషంలో కోడిని నున్నగా చేసి ఇచ్చే వస్తువు అదొక్కటే కాబట్టి ఆ ఆకర్షణ సహజమే. కానీ మైలవరం చుట్టుపక్కల మామిడి తోటల్లో పెరిగే కోడిని, అక్కడి ఎండను, ఒక కుటుంబం ఒక రోజులో కోసే కోళ్ల లెక్కను పక్కపక్కన పెట్టి చూస్తే కొనుగోలు వరుస తిరగబడుతుంది. మాంసం బాగుండటం, చెడిపోవడం రెండూ నీటి వేడి మీద, ఆ తర్వాతి చల్లదనం మీద ఆధారపడతాయి. అందుకే డబ్బు ముందు వేడిని, చలిని అదుపులో పెట్టే వస్తువులకు పోవాలి. మిషను చివర రావాలి. చాలా ఇళ్లకు అసలు అక్కరే లేదు.

మైలవరం 2022 ఏప్రిల్‌లో పాత కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. అప్పుడే నూజివీడు ఏలూరు జిల్లాకు వెళ్లింది. జిల్లాలు వేరైనా బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయలు కాసే తోటల వరుస మాత్రం తెగలేదు. ఆ చెట్ల కింద తిరిగే కోడి తోటకూ మేలే చేస్తుంది. పండు ఈగ పిల్లపురుగులు రాలిన కాయలోంచి దిగి మట్టిలోనే ప్యూపాలు కడతాయి, ఆ మట్టిని రోజంతా కెలికేది కోడి. ఇక్కడ కనిపించే కోళ్లు మూడు రకాలు. కేజీ, కేజీన్నర తూగే మామూలు నాటు పెట్ట ఒకటి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే తయారు చేసిన వనరాజ, గ్రామప్రియ లాంటి జాతులు రెండోవి. పొడుగు కాళ్లు, బిగువైన కండ, దగ్గరగా అంటుకున్న ఈకలతో నాలుగు కేజీల దాకా పెరిగే అసీల్ పుంజు మూడోది. ఆరు వారాలకే కొట్టుకు చేరే బ్రాయిలర్‌తో ఈ మూడింటికీ పోలిక లేదు. ఇవి కత్తి కిందికి వచ్చేసరికి ఆరు నెలలో, ఏడాదో నిండి ఉంటాయి. ఈక మొదలు ముదురుతుంది, చర్మం దళసరి అవుతుంది, ఒకదాని సైజు ఇంకొకదానికి ఉండదు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, బజారులో దొరికే సామాను బ్రాయిలర్ కొలతకు పుట్టింది. 1971లో బి.వి. రావు వెంకటేశ్వర హేచరీస్ స్థాపించాక దేశంలో కోళ్ల పరిశ్రమ పెరిగిన తీరులో తెలుగు నేలది పెద్ద వాటా. ఒకే వయసు, ఒకే బరువు కోడి వేలల్లో కొట్లకు చేరింది. లోపలి గోడకు, అడుగు పళ్లేనికి రబ్బరు వేళ్లు బిగించిన డ్రమ్ము మిషను అలాంటి కోడికి అచ్చంగా సరిపోతుంది. లేత చర్మం, వదులు ఈక, రెండు కేజీల బరువు. అదే డ్రమ్ములో ఒక కేజీ పెట్టను, నాలుగు కేజీల పుంజును కలిపి వేస్తే పెట్ట రెక్క విరుగుతుంది, పుంజు తోక దగ్గర ఈకలు అలాగే మిగులుతాయి. ఇంకాసేపు తిప్పితే చర్మం చినుగుతుంది. బ్రాయిలర్ కొట్టులో చర్మం చినిగినా ఇబ్బంది లేదు, సగం మంది స్కిన్‌లెస్సే అడుగుతారు. నాటుకోడి సంగతి వేరు. పసుపు రాసి మంట మీద కాల్చిన తోలుతోనే నాటుకోడి పులుసుకు ఆ వాసన, ఆ చిక్కదనం వస్తాయి. తోలు పోగొట్టుకునే పద్ధతి నాటుకోడికి పనికిరాదు. సామాను ఎంపికలో మొదటి కొలత కాబట్టి ఇదే: తోలు చినగకుండా ఈక రావాలి.

అందుకు కీలకం నీటి వేడి. ఈక మొదలును పట్టి ఉంచే కణజాలం వేడికి వదులవుతుంది. 50 నుంచి 54 డిగ్రీల నీటిలో రెండు మూడు నిమిషాలు ముంచితే లేత కోడి ఈక వస్తుంది, చర్మం పై పొర నిలుస్తుంది. 58 నుంచి 60 డిగ్రీల్లో ఒక నిమిషం లోపే ఈక వదులుతుంది గానీ పలచటి పై పొర కూడా ఊడుతుంది. ముదురు నాటుకోడికి 60 నుంచి 63 మధ్య నలభై అయిదు సెకన్ల నుంచి నిమిషం దాకా అవసరం అవుతుంది. 65 దాటాక చర్మం ఉడకడం మొదలుపెడుతుంది. ఉడికిన చర్మం ఈకను పట్టుకుని దానితోపాటే చిరుగుతుంది. పని సాగే వేడి హద్దు అంతా కలిపి అయిదారు డిగ్రీలే. ఇళ్లలో వాడే కొలత ఒక బిందె మరిగే నీళ్లకు ఒక బిందె చన్నీళ్లు. లెక్క వేసి చూడండి. కనుమ నాటి ఉదయం ట్యాంకు నీరు 24 డిగ్రీలుంటే మిశ్రమం 62, గుండిగ లాగేసుకునే వేడి పోగా 60కి అటూ ఇటూ. పని చక్కగా జరుగుతుంది. మే నెలలో కాయ కోతల వేళ మేడ మీది ట్యాంకు నీరు 40 డిగ్రీలుంటుంది. అదే బిందెకు బిందె కొలత 70కి చేరుతుంది, కోడి తోలు ఉడుకుతుంది. సంక్రాంతికి కుదిరిన చెయ్యే వేసవిలో ఎందుకు తప్పుతోందో అర్థం కాక కోడి ముదురు అనో, కత్తి మంచిది కాదనో సర్దిచెప్పుకుంటారు. తప్పు చేతిది కాదు, నీటిది.

తరతరాలుగా మన పెద్దలు థర్మామీటరు లేకుండానే చేశారు కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. వాళ్లు ఊరికే చేయలేదు. కోడిని ముంచి తీసి రెక్క ఈక ఒకటి లాగి చూస్తారు, కాలి పొలుసు గోటితో గీకి చూస్తారు. రెండూ సరైన పరీక్షలే, థర్మామీటరు ఉన్నా వాటిని మానకూడదు. అయితే ఆ పరీక్ష నీరు చల్లగా ఉంటేనే మేలు చేస్తుంది. ఈక రాకపోతే మళ్లీ ముంచవచ్చు. నీరు ఎక్కువ కాగి ఉంటే పరీక్ష చెప్పేసరికి తోలు ఉడికిపోయి ఉంటుంది. చేత్తో అంచనా వేద్దామంటే 50 డిగ్రీలు దాటిన నీటిలో వేలు ఉంచలేం, 58కీ 70కీ తేడా వేలికి తెలియదు. అందుచేత ఈ సామాను మొత్తంలో ఖర్చుకు తగిన ఫలితం అన్నిటికన్నా ఎక్కువగా ఇచ్చేది పొడుగు కాడ ఉన్న వంట థర్మామీటరే. దాని తర్వాత గుండిగ సైజు. పది లీటర్ల నీటిలో రెండు కోళ్లు వరసగా ముంచితే వేడి గబగబా పడిపోతుంది. పాతిక, ముప్పై లీటర్లు పట్టే గిన్నె ఉంటే నిలకడగా ఉంటుంది, అసీల్ పుంజు కాళ్లదాకా మునుగుతుంది. పెళ్లి వంటకు వాడే పాత అల్యూమినియం గుండిగ ఇంట్లో ఉంటే కొత్తది కొనక్కర్లేదు, దీనికే కేటాయిస్తే సరి.

కత్తి, కోను గురించి తక్కువ మాటల్లో చెప్పవచ్చు గానీ తక్కువ శ్రద్ధతో కొనకూడదు. చికెన్ కొట్లలో గొంతు కోసి ప్లాస్టిక్ డ్రమ్ములో పడేస్తారు. కోడి అందులో కొట్టుకుంటుంది, రెక్కలు విరుగుతాయి, కండలో రక్తం గడ్డకట్టి నల్ల మచ్చలు పడతాయి. కోడికి అది అనవసరమైన బాధ కూడా. మనం పెంచిన ప్రాణికి చివరి నిమిషంలో ఆ మాత్రం నెమ్మది ఇవ్వడం మన బాధ్యత. రేకు కోనులో తలకిందులుగా పెడితే రెక్కలు ఒంటికి అదిమి ఉంటాయి, కోడి త్వరగా కుదుటపడుతుంది. రెండు నిమిషాల్లో కారవలసిన రక్తం కారుతుంది. ఒంట్లో ఉన్నదంతా రాదు, సగానికి కాస్త తక్కువగా వస్తుంది. రేకుల పనివాడి చేత రెండు సైజులు చేయించుకోవాలి. పెట్టల కోనులో అసీల్ పుంజు పట్టదు, పుంజు కోనులో పెట్ట జారిపోతుంది. అంచు లోపలికి మడిపించకపోతే చెయ్యి తెగుతుంది. కత్తి విషయంలో కమ్మరి కొలిమిలో సాగగొట్టిన ఇనప కత్తికీ, స్టీలు కత్తికీ మధ్య తగువు అక్కర్లేదు. ఇనుము పదును బాగా ఎక్కుతుంది, తుప్పు పడుతుంది. స్టీలు కడగడానికి సులువు, పదునుకు ఓపిక కావాలి. గొంతుకు ఒక సన్నటి కత్తి, ముక్కలు కొట్టడానికి ఒక బరువైన కత్తి, ఒక సానరాయి ఉండాలి. ఒకే కత్తితో అన్నీ చేస్తే ఎముక మీద మొండిబారిన అంచు తర్వాతి కోడి గొంతు మీదికి వస్తుంది.

ఇప్పుడు మిషను లెక్క. నీటి వేడి సరిగ్గా ఉంటే ముదురు కోడిని చేత్తో పీకడానికి ఒక మనిషికి అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు పడుతుంది. పండక్కి పది కోళ్లు కోసే ఇంట్లో ఇద్దరు కూర్చుంటే ముప్పావు గంటలోపు పని. మిషను మిగిల్చేది ఆ ముప్పావు గంటలో సగమో, కాస్త ఎక్కువో. పొట్ట తీయడం, కాల్చడం, కడగడం మిషనుతో వేగంగా జరగవు. ఈకలు పోయిన కోళ్లు పది ఒక్కసారి బల్ల మీదికి వచ్చి ఎండలో ఆగుతాయి. ఆగిన ప్రతి నిమిషం మాంసానికి నష్టమే. అంటే చల్లబరిచే ఏర్పాటు లేని ఇంట్లో మిషను పెడితే పని వేగం పెరగదు, చెడిపోయే చోటు మారుతుందంతే. వారం వారం ముప్పై నలభై కోళ్లు అమ్మే తోటకు లెక్క మారుతుంది. అక్కడ చేతి పని రోజంతా తింటుంది, మిషను నిజంగా ఆదా చేస్తుంది. అప్పుడు కూడా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. రబ్బరు వేళ్లు మెత్తనివై, విడిగా దొరకాలి. అవి ఎండి పగిలితే ఆ పగుళ్లలో స్టెఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియా స్థిరపడి ప్రతి కోడికీ అంటుకుంటుంది. డ్రమ్ము స్టీలు 304 రకం అయితే బోరు నీటి ఉప్పుకు తట్టుకుంటుంది, రేకు పూతదైతే త్వరగా తుప్పు పడుతుంది. మోటారు తడి తగలని ఎత్తులో, మూత కింద ఉండాలి. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి నడిపే యంత్రం ఇది. సరైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు తెంచే బ్రేకరు లేకుండా దీన్ని తోటలో పెట్టడం ప్రాణంతో చెలగాటమే. మిషను ధర అడిగేవాళ్లు ఈ రెండింటి ఖర్చు కలపరు, కలిపి చూడాలి.

కాల్చే పనికి తాటాకు, కొబ్బరి మట్ట, ఎండుగడ్డి ఇప్పటికీ మేలైనవే. మంట త్వరగా లేచి త్వరగా చల్లారుతుంది, నూగు కాలుతుంది, తోలు మాడదు. గ్యాసు గన్ను శుభ్రం, వానాకాలంలో పనికొస్తుంది. పొగ వాసన దానితో రాదనే మాట నిజమే. కిరసనాయిలు, ప్లాస్టిక్ సంచులు, టైరు ముక్కలు అంటించి కాల్చడం మాత్రం ఎక్కడ జరిగినా ఆపించాలి. ఆ మసిలోని విషం తోలు కొవ్వులో కలుస్తుంది. పొట్ట తీసే చోటు విషయంలో చింత మొద్దు ఎముకలు కొట్టడానికి సాటిలేనిది, పేగులు తీయడానికి అసలు పనికిరాదు. దాని పగుళ్లలోకి దిగిన మడ్డిని ఏ నీరూ కడగలేదు. కాళ్లకు కొక్కెం తగిలించి వేలాడదీసి పొట్ట కోస్తే బల్లే అక్కర్లేదు, పేగు పొరపాటున తెగినా మడ్డి కిందికి పోతుంది. ముందు రాత్రి నుంచి ఎనిమిది, పన్నెండు గంటలు మేత ఆపి నీళ్లు మాత్రమే పెట్టి గంప కింద ఉంచితే పేగులు ఖాళీ అవుతాయి. ఆ వెదురు గంప కూడా డ్రెస్సింగు సామానే అన్నది మనవాళ్లు మరిచిపోతున్న సంగతి. గంపకు బదులు మామిడికాయల ప్లాస్టిక్ క్రేట్లు వాడటం ఇటీవలి అలవాటు. కోడి రెట్ట అంటిన క్రేటులోకి మళ్లీ కాయ వెళ్లకూడదు. మామిడిపండు వండుకుని తినేది కాదు కాబట్టి ఆ క్రేట్లకు రంగు గుర్తు వేసి వేరుగా ఉంచాలి.

చల్లబరచడం ఈ వాదనకు వెన్నెముక. కోడి ఒంటి వేడి 41 డిగ్రీలు. అనువైన వేడిలో బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. నాలుగు గంటల్లో పన్నెండు రెట్టింపులు, అంటే ఒకటి నాలుగు వేలు దాటుతుంది. మాంసం నాలుగు గంటల లోపు 4 డిగ్రీలకు దిగాలన్న ప్రమాణం వెనక ఉన్న లెక్క ఇదే. మైలవరం మే నెలలో నీడ కూడా 40 దాటుతుంది, గాలికి ఆరబెడితే కోడి చల్లబడదు. ఇంటి ఫ్రిజ్ పది వేడి కోళ్లను ఒకేసారి లాగలేదు, లోపల ఉన్న పాలు, కూరలు కూడా చెడగొడుతుంది. ఐసు నీళ్ల టబ్బు ఒక్కటే దారి. డ్రెస్సింగు అయ్యాక కేజీ పావు తూగే కోళ్లు పది అంటే పన్నెండు పదమూడు కేజీల మాంసం. దాని వేడి లాగడానికి అయిదు కేజీల ఐసు, టబ్బులోని ఇరవై లీటర్ల నీటిని చల్లబరచడానికి ఏడు కేజీలు, కరిగిపోయే వృథా కలిపి పదిహేను కేజీలు చేతిలో ఉండాలి. ఐసు ముందు రోజే తెచ్చి, మూత ఉన్న ఐస్‌బాక్సులో ఉంచితే చాలు. కరెంటు పోయినా ఐసు పని ఆగదు. మూతతో ఉన్న పెద్ద ఐస్‌బాక్సు ఒకటి కొనడం మిషను కొనడం కన్నా ముందు జరగవలసిన పని.

మేం కోసిన వెంటనే వండుకుంటాం, ఐసెందుకు అనేవాళ్లు ఉంటారు. ఒక కోడి, ఒక కుటుంబం, ఒక పూట అయితే వాళ్ల మాట పూర్తిగా ఒప్పే. ప్రాణం పోయిన కొద్ది గంటల్లో కండ బిగుసుకుంటుంది. ఆ బిగువు రాకముందే, గంటలోపు పొయ్యి మీద పెట్టి సన్న సెగ మీద ఉడికిస్తే కూర బాగుంటుంది. ఐసు, టబ్బు అక్కడ అనవసరం. చిక్కు మధ్య దారిలో ఉంది. ఉదయం కోసి మధ్యాహ్నం వండే కోడి సరిగ్గా బిగుసుకున్న వేళ పొయ్యి ఎక్కుతుంది, ఎంత ఉడికించినా నార తేలుతుంది, పైగా ఆ అయిదారు గంటలూ వేడిలో ఉండి చెడిపోవడం మొదలుపెడుతుంది. ముదురు పుంజును చల్లగా ఉంచి పన్నెండు గంటలు, వీలైతే ఒక రోజు ఆగితే కండ మళ్లీ వదులవుతుంది. గంటలోపు వండాలి, లేదా చల్లబరిచి మర్నాడు వండాలి. మధ్యాహ్నం బంధువులు వస్తారని పొద్దున్నే కోసిపెట్టడం ఈ రెండింటిలో దేనికీ చెందదు.

దగ్గరి చికెన్ కొట్టులో ఇస్తే చేసిపెడతారు కదా, సామాను మనకెందుకు అన్నది మరో అభ్యంతరం. నెలకు ఒక కోడి కోసే ఇంటికి అది సబబే. అయితే ఆ డ్రమ్ము, ఆ మొద్దు, ఆ నీళ్లు అంతకుముందే యాభై బ్రాయిలర్లను చూసి ఉంటాయి. తిరిగి వచ్చే గంపతో, చెప్పులతో రోగం తోటలోకి రావచ్చు. కొక్కెర తెగులు ఊళ్లు ఊళ్లు ఖాళీ చేసిన అనుభవం ఈ ప్రాంతపు రైతులకు కొత్త కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయ్యాక ఎన్ని కోళ్లు పూడ్చవలసి వచ్చిందో అందరూ చూశారు. అదే కారణం డ్వాక్రా సంఘాలు కలిసి ఒక మిషను కొని ఊరంతా తిప్పుకునే ఆలోచనకూ అడ్డు వస్తుంది. ఆలోచన మంచిదే. మిషను ఒకచోట స్థిరంగా ఉండి, ప్రతి ఇంటి కోళ్ల తర్వాత సబ్బుతో కడిగి, బ్లీచింగు నీళ్లు పోసి ఆరబెట్టే క్రమం ఉంటేనే దానికి ఒప్పుకోవచ్చు. ఇంటింటికీ తిరిగే మిషను ఈకల దుమ్ముతో పాటు వైరస్‌నూ మోస్తుంది. జబ్బు చేసిన కోడిని కోయడం ఎప్పుడూ కూడదు. అనుమానం ఉంటే పశువైద్యుడికి చూపించాలి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల కూడా అందుబాటు దూరంలోనే ఉంది.

అమ్మకానికి దిగితే చట్టం కూడా సామానును నిర్ణయిస్తుంది. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు రోజుకు 50 కోళ్ల వరకు కోసేవారిని చిన్న వ్యాపారులుగా గుర్తించి లైసెన్సు బదులు రిజిస్ట్రేషన్‌తో సరిపెట్టాయి. అమెరికా 1957 కోళ్ల మాంసం తనిఖీ చట్టానికి 1968లో చేసిన సవరణతో సొంతంగా పెంచిన కోళ్లను ఏడాదికి వెయ్యి దాకా కోసుకునే రైతును తనిఖీ నుంచి మినహాయించింది. రెండు దేశాల దారులు వేరైనా చిన్న స్థాయికి పెద్ద కబేళా యంత్రాలు అవసరం లేదన్న గుర్తింపు రెండింట్లోనూ ఉంది. మినహాయింపు యంత్రాలకే, శుభ్రతకు కాదు. మంచి నీరు, కడగగలిగే నేల, ఈగలు చేరని చోటు అడిగే నిబంధన చిన్నవారికీ వర్తిస్తుంది.

చివరి వస్తువు గొయ్యి. దీన్ని సామానులో ఎవరూ లెక్కించరు, కుక్కలు, కాకులు మాత్రం రోజూ లెక్కిస్తాయి. ఈక దాదాపు పూర్తిగా కెరటిన్ అనే మాంసకృత్తు, అందులో నత్రజని వందకు 15 వంతుల దాకా ఉంటుంది. చెట్టుకు అది బలమైన ఎరువే గానీ నెమ్మదిగా కుళ్లుతుంది. మామిడి తోటలో ఎండుటాకుకు కొదవ లేదు. ఆ ఆకులో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. ఒక జాన మందం ఆకు, దాని మీద ఈకలు, పేగులు, రక్తం కలిసిన మట్టి, పైన మళ్లీ ఆకు, పేడ నీళ్లు చిలకరింత, మీద మట్టి పొర. బోరుకు దూరంగా, వాన నీరు నిలవని మెట్ట చోట మోకాలు లోతు తవ్వి, కుక్క తోడకుండా కంప కప్పితే ఆరేడు నెలల్లో ఈక ఆనవాలు పోతుంది. కనుమకు నిండిన గొయ్యిలోని ఎరువు తొలకరి వానల తర్వాత పాదుల్లో వేయడానికి సిద్ధంగా ఉంటుంది.